నీటి ఎద్దడిని తట్టుకొనే పెరటి పూలమొక్క తంగేడు

కారేపల్లి (ఖమ్మం జిల్లా): ఖమ్మం మైదానానికి, భద్రాచలం దిశగా సాగే అటవీ ప్రాంతానికి నడుమనున్న కారేపల్లి సింగరేణి మండలానికి కేంద్రం. ఇక్కడి వర్షపాతంలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు వీచే నైరుతి రుతుపవనాల వలననే లభిస్తుంది. వేసవిలో తాగునీటికే ప్రథమ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నందున, నిత్యం నీరు కోరే అలంకరణ మొక్కలను కాపాడుకొనడం కష్టసాధ్యం. ఈ దృష్ట్యా స్థానికమైన బహువార్షిక పూలమొక్కల పెంపకమే శ్రేయస్కరం. వీటిలో తంగేడుది అగ్రస్థానం.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. బతుకమ్మకు ఈ పూలు ప్రధానం. అయితే ఊరి బీళ్లు సాగులోకి, ఇళ్ల స్థలాలలోకి మారిన కొలదీ తంగేడు పొదలు తరిగిపోతాయి. మిగిలిన పొదల నుండి పూలను కొమ్మలతో సహా విరిచినచో కాయ నిలువదు, విత్తనం నేల రాలదు. పెరటిలో పెంచుకొన్న మొక్క పండుగ అవసరాన్ని తీర్చుటయే గాక బీళ్లలోని పొదలపై భారాన్ని తగ్గిస్తుంది.

పెంపకం సులభం. ఎండిన కాయల నుండి సేకరించిన గింజల పైపొర గట్టిగా ఉంటుంది. కాచి దించిన వేడినీటిలో వేసి రాత్రంతా నాననిచ్చిన పిమ్మట విత్తితే మొలక బాగుగా వస్తుంది. వేసవిలో పాలిథిన్ సంచులలో నారు పెంచి, తొలకరి వానలు పడిన తరువాత నాలుగైదు అడుగుల ఎడంలో నాటుకోవాలి. రాళ్లు కలిసిన ఎర్ర చల్కా నేల కూడా అనుకూలమే. నీరు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. మొదటి వేసవిలో అప్పుడప్పుడు తడులు ఇవ్వాలి. వేరు లోతుకు దిగిన తరువాత వాననీరే చాలును.

తంగేడుకు తోడుగా ముళ్లగోరింటను కంచె వెంబడి పెంచవచ్చును. నందివర్ధనం, కనకాంబరం మొక్కలను స్నానపు నీరు పారే చోట నాటుకొనవచ్చును. బిళ్లగన్నేరు, కాగితపు పూలు ఎండను తట్టుకొన్నప్పటికీ స్థానికమైనవి కావు. మొదటిది మడగాస్కర్ నుండి, రెండవది దక్షిణ అమెరికా నుండి వచ్చినవి.

తంగేడు పూలు తేనెటీగలను, తుమ్మెదలను ఆకర్షిస్తాయి. పూలు కోసే సమయంలో కొన్ని కొమ్మలనైనా కాయకు విడిచిపెడితే, మరుసటి ఏటి నారుకు కావలసిన విత్తనం పెరటిలోనే లభిస్తుంది.