టాపెట్టు చప్పుడు

కోరుకొండనుండి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న నన్ను తక్కిన పనులనుండి మరల్చినది. తన నూరు సీసీ మోటారు సైకిలులో టాపెట్టు చప్పుడు వినవచ్చుచుండగా మెకానిక్కు దానిని బిగించి నిశ్శబ్దము గావించెననియు, పిమ్మట కొలది దినములకే ఉదయమున బండి స్టార్టు కాక మొరాయించుచున్నదనియు, రాజమహేంద్రవరము పోవు దారిలో లాగుడు కూడ తగ్గినదనియు ఆయన మొర. చప్పుడుతోపాటు రోగమును పోవలెను గదా యని సందేహము. పెక్కు బండ్లలో రోగము అప్పుడే మొదలగును.

ఇంజను హెడ్డులో ఇన్‌లెట్టు వాల్వు పెట్రోలుగాలిని లోనికి విడుచును, ఎగ్జాస్టు వాల్వు పొగను వెలికంపును. క్యాము రాకరును త్రోయగా రాకరు వాల్వును తెరచును. నిమిషమునకు 4000 చుట్లు తిరుగు ఇంజనులో ఇది 2000 పర్యాయములు జరుగును. రాకరు కొననున్న స్క్రూకును (దీనినే టాపెట్టందురు) వాల్వు కాడకును నడుమ విడిచిన, మిల్లీమీటరులో పదియవ వంతునకు అటునిటుగా నుండు సందే మన విషయము.

ఉక్కు ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షలకు సుమారు 12 పాళ్లు సాగును. కావున 70 మిల్లీమీటర్ల వాల్వు సగటున 300 డిగ్రీలు వేడెక్కినచో పావు మిల్లీమీటరు పెరుగును. ఇంతటి పెరుగుదలకు ఆ కొంచెపు సందు ఎట్లు చాలును? చమత్కారమంతయు ఇచ్చటనే యున్నది. అల్యూమినియము ఉక్కునకు రమారమి రెట్టింపు సాగును గనుక, వాల్వు పొడవగుచు సందును మూయజూచుచుండగా, హెడ్డు నూరు డిగ్రీలు మాత్రమే వేడెక్కియు, క్యామును రాకరును వాల్వు కూర్చుండు సీటునకు దూరముగా మోసికొనిపోయి, దాదాపు 0.16 మిల్లీమీటరు తిరిగి యిచ్చివేయును. మిగిలిన లోటు 0.09! ఇది ముతక లెక్కయే యైనను, ఆ పదియవ వంతు ఎక్కడినుండి వచ్చినదో తెలుపుటకు చాలును.

వేడికి సందు ఎల్లప్పుడును మూసికొనునని వల్లించువారు మద్రాసులో తయారైన పాత ఇనుప సిలిండరు బుల్లెట్టును చూడవలెను. అందు చల్లని ఇంజనులో విడువవలసిన సందు శూన్యము: క్యాము త్రోపును రాకరునకందించు పుష్‌రాడ్డు వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను, పైకి క్రిందికి ఆడరాదు. అనగా అచ్చట సిలిండరు, హెడ్డుల పెరుగుదలయే గెలుచుచున్నది.

ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో ముప్పాతిక పాలు సీటు ద్వారానే వదలుకొనును. సందు చాలనిచో వాల్వు సీటుపై పూర్తిగా కూర్చుండదు. కంప్రెషను కారిపోవును, అంచు కాలిపోవును. కోరుకొండ బండి మొరాయింపునకు కారణము బహుశః ఇదియే. పైగా వాల్వు, సీటు పరస్పరము మోదుకొని అరుగుకొలది వాల్వు పైకి జరిగి సందు తనంతట తానే తగ్గును. వదులైన టాపెట్టు అరచి చెప్పును; బిగిసినది నోరెత్తక వాల్వును చంపును. 1921లో పెట్రోలునకు సీసపు మందు కనిపెట్టిన థామస్ మిడ్జ్‌లీ ఇంజను కొట్టుకొనుటను మాన్పజూచెనే గాని, ఆ సీసము సీటుపై పూతయై అరుగుదలను కూడ ఆపినది. విషమని తెలిసి మన దేశమున 2000 ఫిబ్రవరిలో దానిని తొలగించునప్పటికి గట్టి సీట్లు అవసరమైనవి.

ఇక పని మాట. చెవితో సందును కొలుచు విద్యను నేను నమ్మను. రాత్రియంతయు చల్లారిన ఇంజనులో, ఫ్లైవీలుపై టి గుర్తును గీతకు తెచ్చి, రాకర్లు రెండును వదులుగా నున్నవో లేవో చూడుడు. లేనిచో ఇంకొక చుట్టు త్రిప్పుడు. బండి పుస్తకములోని కొలతకు ఫీలర్ గేజి పెట్టి, లాక్‌నట్టు బిగించిన పిదప మరల ఒకసారి కొలువుడు. బిగింపులోనే స్క్రూ కదలును. గేజి లేని మెకానిక్కునకు టాపెట్లు అప్పగింపకుడు.