మంగ్లి పాటంటే మీకు ఇష్టమా? కోపమా?

ఆషాఢం వస్తే సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల సందడే సందడి. బోనమెత్తి నడిచే ఆడవాళ్లకు మైకులో పాట తోడుండాల్సిందే. ఈ మధ్య ఆ మైకుల్లో మంగ్లి గొంతుదే పైచేయి. "వింటుంటే కాళ్లు ఆగవు" అని కోడలంటే, "అరుపులే గానీ సంగీతమేదీ?" అని అత్తగారు చెవులు మూసుకుంటారు.

నిజానికి మంగ్లి తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన ఆమె అసలు పేరు సత్యవతి. టీవీలో 'మాటకారి మంగ్లి'గా ఇంటింటికీ తెలిశారు. 2021లో 'సారంగదరియా'తో కుర్రకారును ఊపేశారు.

అదే ఏడాది జూలైలో ఆమె పాడిన బోనాల పాట మీద గొడవైంది. అమ్మవారిని 'మోతెవరి' అనడం కించపరచడమేనని కొందరన్నారు. పల్లెల్లో ఆ మాటకు పెద్ద అనే అర్థమని ఆమె వివరించారు. చివరికి ఆ పదం మార్చారు. అయితే మాటలు పాటతో ఆగలేదు. ఆమె ఊరు, కులం దాకా వెళ్లాయి.

పాట నచ్చకపోతే కట్టేయండి, తప్పుంటే చెప్పండి. అది శ్రోతగా మన హక్కు. కానీ బోనమెత్తిన ఆడబిడ్డను "నీదే ఊరు?" అని అడగం కదా! మరి పాడే ఆడబిడ్డను ఎందుకడగాలి?