చేతులు లేని జాలరి

వల వేయాలంటే చేతులు కావాలి గదా! చేతులు లేని తిమింగలం కూడా వల పన్నుతుంది.

అమెరికాలోని అలాస్కా తీరంలో హంప్‌బ్యాక్ జాతి తిమింగలాలు కలిసి వేటాడతాయి. చేపల గుంపు కింద ఒకటి గుండ్రంగా తిరుగుతూ గాలిబుడగలు వదులుతుంది. బుడగలు దడి కట్టినట్టు పైకి లేస్తాయి. చేపలు బెదిరి మధ్యకు చేరతాయి. వెంటనే తిమింగలాలన్నీ నోళ్లు తెరిచి పైకి వస్తాయి. ఈ విద్యను ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి.

మనిషి మెదడు బరువు సుమారు 1 కిలో 400 గ్రాములు. స్పెర్మ్ జాతి తిమింగలానిది సుమారు 8 కిలోలు. అయినా తెలివిని తక్కెడలో తూచలేం. ఎవరి బతుకుకు తగ్గ తెలివి వారిది.

మనిషి నూనె కోసం, మాంసం కోసం లక్షల తిమింగలాలను చంపాడు. చాలా దేశాలు కలిసి వ్యాపార వేటపై నిషేధం పెట్టాయి. అది 1986లో అమలుకు వచ్చింది. పెద్దవి బతికితేనే పిల్లలకు ఆ విద్య అందుతుంది.