చిన్న ఆంప్లిఫైయరా, పాత బరువు ఆంప్లిఫైయరా?

ఉద్యోగం వచ్చి, అద్దె గది తీసుకుని, మొదటి రెండు మూడు జీతాలు ఇంటికి పంపాక మన హాస్టల్ పిల్లలు కొనుక్కునే వస్తువుల్లో పాటల సెట్టు ఒకటి. తప్పేం లేదు. వార్డెన్ గారి గదిలో రేడియో ఎప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించి పెరిగినవాళ్లం కదా! కానీ తెలియక డబ్బు పోగొట్టుకునేది కూడా అక్కడే. ఎలక్ట్రానిక్స్ పని మీద బతుకుతున్నవాడిగా తమ్ముళ్లకు నాలుగు మాటలు చెబుతాను.

బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి అరచేతిలో పట్టేంత బోర్డు. లాప్‌టాప్ అడాప్టరు లాంటిదానితో నడుస్తుంది. దీన్ని క్లాస్-డి అంటారు. రెండోది పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బరువైన పెట్టె. ఇది లీనియర్ రకం. మన ఊళ్లలో 4440 ఐ.సి.తోనో, 3055 ట్రాన్సిస్టర్లతోనో అసెంబుల్ చేసి అమ్మిన సెట్లన్నీ ఈ రెండో రకమే.

తేడా తెలియాలంటే గోడ మీది పాత పెద్ద ఫ్యాన్ రెగ్యులేటరును గుర్తు చేసుకోండి. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే ఆ డబ్బా వేడెక్కేది. ఫ్యానుకు అందకుండా ఆపిన విద్యుత్తంతా వేడిగా పోయేది. లీనియర్ ఆంప్లిఫైయరులో ట్రాన్సిస్టరు పనీ అదే, ఎప్పుడూ సగం తెరిచిన కుళాయిలా ఉంటుంది. క్లాస్-డిలో అయితే పూర్తిగా ఆన్, లేకపోతే పూర్తిగా ఆఫ్. సెకనుకు నాలుగు లక్షల సార్లు అలా మారుతూ, ఆన్‌లో ఉండే సమయాన్ని పాటను బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ స్విచ్చింగును వడకట్టి పాటను మాత్రం స్పీకరుకు పంపుతాయి. అందుకే గట్టిగా మోగేటప్పుడు 90 శాతం దాకా విద్యుత్తు స్పీకరుకే చేరుతుంది. డి అంటే డిజిటల్ అని షాపులో చెబుతారు. కాదు, ఎ, బి, సి తరువాతి అక్షరం, అంతే. కరెంటు బిల్లు బాగా తగ్గుతుందన్న మాట కూడా నమ్మకండి. ఇంట్లో వినే వాల్యూముకు ఆ ఆదా చాలా చిన్నది. అసలు ఆదా రాగి, అల్యూమినియం ఖర్చులో ఉంది.

ఈ చిన్న సెట్లకు పేరు తెచ్చింది ట్రైపాత్ అనే అమెరికా కంపెనీ. దాని చిప్‌తో వచ్చిన సోనిక్ ఇంపాక్ట్ టి-ఆంప్ 8 పెన్సిల్ సెల్లులతో కూడా నడిచేది. కంపెనీ 2007లో దివాలా తీసినా దారి మిగిలింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టిపిఎ3116 చిప్ బోర్డులు.

మోసమంతా వాట్లలో ఉంది. ఆ చిప్‌కు చెప్పే 50+50 వాట్లు 21 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకరు ఉన్నప్పటి మాట. మీరు 12 వోల్టుల అడాప్టరు, 8 ఓమ్‌ల స్పీకరు పెడితే లెక్క ఇలా వస్తుంది: 12ను 12తో గుణించి 16తో భాగించండి. 9 వాట్లు! అడాప్టరు మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగేదే 24 వాట్లు. పెట్టె మీద 5000 వాట్లు పి.ఎం.పి.ఒ. అని రాసినంత మాత్రాన ఎక్కడి నుంచి వస్తాయి?

అయితే 9 వాట్లు తక్కువేమీ కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. పది బై పన్నెండు గదిలో మంచి స్పీకర్లకు ఒకటి రెండు వాట్లకే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. కాబట్టి గదిలో వినడానికి నా ఓటు చిన్నదానికే. మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టండి. మామూలు వాల్యూములో రెండు ఆంప్లిఫైయర్ల మధ్య తేడా పట్టడం కష్టం, స్పీకరు తేడా మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. పాత సెట్లలో రెండు స్పీకర్ల మైనస్ వైర్లు కలిపేసినా నడిచేది. ఈ బోర్డుల్లో కలపకూడదు, ఎర్త్‌కూ తగిలించకూడదు, చిప్ పోతుంది. అడాప్టరు మీద బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే కొనండి. పాత సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ మనల్ని మెయిన్స్ నుంచి వేరు చేసి కాపాడేది. నాసిరకం అడాప్టరులో ఆ రక్షణ నమ్మలేం, షాక్ కొట్టవచ్చు.

ఇక ఇంట్లో నాన్న కొన్న పాత సెట్టు ఉంటే ఇనప సామాన్లవాడికి వేయకండి. చిన్న బోర్డు పోతే పారేయడమే, పాతది ఒక్కొక్క భాగం మార్చి బాగుచేయవచ్చు. గుయ్‌మని మోత వస్తుంటే చాలాసార్లు ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లే కారణం, అవి మారిస్తే సరి. ప్లగ్గు తీసినా వాటిలో కొంతసేపు చార్జి ఉంటుంది. మూత తీయడం తెలిసిన మెకానిక్‌కు వదిలేయండి.