అనుసంధానిత లాగిన్ వ్యవస్థల్లో పాస్‌వర్డ్ మార్పు: సమస్యామూలాల శోధన

గ్రంథాలయ కంప్యూటరుకు, వైఫైకి, ఈమెయిలుకు ఒకే పాస్‌వర్డ్ ఉండే ఏర్పాటు విశ్వవిద్యాలయాల్లో నేడు సాధారణమైంది. పాస్‌వర్డ్ మార్చిన తరువాత అది ఒకచోట పనిచేసి, మరొకచోట చెల్లక, చివరకు ఖాతాకే తాళం పడటం చాలామందికి అనుభవమే. సిద్ధాంతవ్యాస సమర్పణకు గడువు దగ్గరపడిన పరిశోధకునికి ఇది చిన్న ఇబ్బంది కాదు. కొత్త పాస్‌వర్డ్ సరిగా నమోదు కాలేదేమోనన్న అనుమానంతో అతడు దానిని మళ్లీ మారుస్తాడు. సమస్య జటిలమయ్యేది తరచుగా ఈ పునఃపునర్మార్పుల వల్లనే అని మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యాక్టివ్ డైరెక్టరీలో ఖాతాల వివరాలు డొమైన్ కంట్రోలర్లు అనే సర్వర్లలో ఉంటాయి. పాస్‌వర్డ్ మార్పు ఏ సర్వర్‌లో జరిగినా, పీడీసీ ఎమ్యులేటర్ బాధ్యత వహించే సర్వర్‌కు ఆ సమాచారం వెంటనే చేరుతుంది. మార్పు ఇంకా అందని సర్వర్ సైతం వాడుకరిని తిరస్కరించేముందు దానినే సంప్రదిస్తుంది. కాబట్టి సర్వర్ల మధ్య జాప్యమే కారణమనుకోవడం చాలా సందర్భాల్లో పొరపాటు. పాత నకలు మిగిలి ఉండేది మన పరికరాల్లోనే: ఫోను వైఫై కోసం దాచుకున్నది, మెయిల్ యాప్‌లోనిది, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోనిది.

తప్పు పాస్‌వర్డ్ నిర్ణీత పరిమితిని మించి అందినప్పుడు ఖాతాకు తాళం పడుతుంది. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది. అందినది ఆ ఖాతా పాస్‌వర్డ్ చరిత్రలోని చివరి రెంటిలో ఒకటైతే, సర్వర్ లాగిన్‌ను తిరస్కరిస్తుందే తప్ప దానిని తప్పుల లెక్కలో చేర్చదు. అందువల్ల ఫోను నిన్నటి పాస్‌వర్డ్‌ను పదేపదే పంపినా ఖాతా నిలుస్తుంది. కంగారుపడి వరుసగా రెండు మూడుసార్లు మారిస్తే ఫోనులోని నకలు ఆ రెంటి పరిధి నుండి జారిపోతుంది. అప్పటినుంచి అది చేసే ప్రతి ప్రయత్నమూ తప్పుగానే లెక్కకెక్కుతుంది. మార్పుకూ మార్పుకూ మధ్య కనీస వ్యవధి విధించిన సంస్థల్లో ఈ ప్రమాదం తక్కువ.

పాతబడిన ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో, మార్పు తరువాత 60 నిమిషాలవరకు సాధారణంగా పాత పాస్‌వర్డ్ కూడా చెల్లుతుంది. ఆ గంటలో జరిపిన పరీక్షను నమ్మరాదు. కెర్బెరోస్ పద్ధతిలోనైతే కంప్యూటరు గడియారానికీ సర్వర్ గడియారానికీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే సరైన పాస్‌వర్డ్ కూడా నెగ్గదు. తెలుగు శాఖల కంప్యూటర్లలో దీనికంటే సామాన్యమైన కారణం మరొకటి ఉంది: లాగిన్ తెరమీద ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంపికై ఉండటం. కనిపించేవి చుక్కలే కనుక, రోమన్ అక్షరాలకు బదులు తెలుగు అక్షరాలు పడుతున్న సంగతి తెలియదు.

తాళం పడిన ప్రతిసారీ సర్వర్ భద్రతా చిట్టాలో 4740 సంఖ్యతో నమోదయ్యే ఘటనలో, ప్రయత్నం ఏ యంత్రం నుండి వచ్చిందో ఉంటుంది. నిర్వాహకుడు మొదట చూడవలసింది అదే. అక్కడ వైఫై ధ్రువీకరణ సర్వర్ పేరు కనిపిస్తే, ఆ సర్వర్ చిట్టాలో ఫోను ఆనవాలు వెదకాలి. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్ తనలో దాచుకున్న ఆధారంతో పాత పాస్‌వర్డ్‌కే తెరుచుకుంటుంది. దానిని వీపీఎన్ ద్వారా సంస్థ నెట్‌వర్క్‌కు కలిపి, తెరను లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరిస్తే ఆ ఆధారమూ మారుతుంది.