లావుగా ఉన్నవాళ్ళు నడకకీ, కొండకీ, నీళ్ళకీ ఎలా సిద్ధం కావాలి? పూడిమడక తీరం నుంచి

ఈసారి ఎపిసోడ్ గదిలో కూర్చుని కాదు, బయట రికార్డ్ చేస్తున్నాం. వెనకాల మీకు వినపడుతున్నది పూడిమడక సముద్రం. గాలి కొంచెం ఎక్కువగా ఉంది, మాట అక్కడక్కడా తెగితే ఏమీ అనుకోకండి. టైము ఇంకా ఆరున్నర కూడా కాలేదు. రాత్రి వేటకెళ్ళిన పడవలు ఇప్పుడే ఒకటొకటిగా ఒడ్డుకొస్తున్నాయి.

ముందు ఒక మాట చెప్పేసి మొదలుపెడతాను. నా బరువు 102 కిలోలు. ఇలా నలుగురు వినేలా చెప్పడం నాకు ఇదే మొదటిసారి. ఎందుకు చెప్పానో ఈ ఎపిసోడ్ అయ్యేసరికి మీకే అర్థమవుతుంది.

మూడేళ్ళ కిందట నేను సింహాచలం గిరి ప్రదక్షిణకి బయలుదేరాను. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు కదా, మొత్తం 32 కిలోమీటర్లు. అప్పుడు నా బరువు 106. ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ చెయ్యలేదు. దేవుడే నడిపిస్తాడులే అనుకున్నాను. హనుమంతవాక వచ్చేసరికి తొడలు రెండూ ఒరుసుకుపోయి మంట. కుడి మోకాలు మడత పడటం మానేసింది. ఫుట్‌పాత్ మీద కూలబడిపోయి, చివరికి ఆటోలో ఇంటికొచ్చాను.

మా అత్తయ్య వేడినీళ్ళు పెట్టి, "ముందు నువ్వు తగ్గు తల్లీ, నడకలూ కొండలూ తర్వాత చూద్దాం" అంది. ప్రేమగానే అంది. నేనూ నమ్మేశాను. తగ్గాక నడుద్దాం అని ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నవాళ్ళు ఎలా తగ్గుతారండీ? ఏడాది దాటిపోయింది. బరువు అలాగే ఉంది, మెట్లెక్కితే ఆయాసం మాత్రం పెరిగింది.

మనలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' సినిమా చూసే ఉంటారు. అందులో అనుష్క పాత్రకి పెళ్ళి దగ్గర్నించి అన్నిటికీ అడ్డమొచ్చేది బరువు గురించి చుట్టుపక్కలవాళ్ళు అనే మాటలే. అడ్డదారిలో త్వరగా సన్నబడటం ఎంత ప్రమాదమో కూడా అందులో చూపించారు. మరి అడ్డదారి వద్దంటే, ఉన్న ఒంటితోనే బయటికెలా వెళ్ళాలి? ఇవాళ్టి మన విషయం అదే.

తడి ఇసుక పాఠం

మాది అచ్యుతాపురం. ఒక ఆదివారం పొద్దున్నే స్కూటీ వేసుకుని ఇక్కడికొచ్చాను. ఎవరూ చూడని చోట నడుద్దామని ఒడ్డుకి దూరంగా పొడి ఇసుకలో మొదలుపెట్టాను. పది నిమిషాలకే గుండె దడదడ. చేపల గంప పట్టుకుని ఎదురొస్తున్న ఒక పెద్దావిడ ఆగిపోయి నన్ను చూసి, "ఏటమ్మా, ఎండిసకలో అలా కాళ్ళీడుత్తన్నావు? తడిసకలోకి రా. నీరు తీసేసినప్పుడు నేల గట్టిగుంటాది" అంది. నేను సిగ్గుపడి, లావు కదండీ, నడవలేకపోతున్నాను అన్నాను. "నాను లావు కాదేటి? మరీ గంప ఎవరు మోత్తన్నారు?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పినదానికి లెక్క ఉంది. 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. గట్టి నేల మీద కంటే మెత్తటి ఇసుకలో నడవడానికి 2.1 నుంచి 2.7 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. బరువు ఎక్కువైతే కాలు ఇంకా లోతుకి దిగుతుంది. అంటే ఆ రోజు నేను చేసిన పది నిమిషాలు రోడ్డు మీద దాదాపు అరగంట నడకతో సమానం. నాకు చేతకాక కాదు, చోటు తప్పు.

కాబట్టి ఆటు సమయం చూసుకోండి. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఆ టైము రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. నీరు వెనక్కి తీసినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కాలికి మెత్తగానూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. ఎంత దూరం వెళ్ళారో అంతే దూరం అదే దారిలో వెనక్కి రండి, రెండు కాళ్ళకీ సమానంగా పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం వట్టి కాళ్ళతో నడవకండి. గవ్వలు, గాజు పెంకులు, గాలాలు ఉంటాయి. అరికాలికి స్పర్శ తగ్గిపోయి ఉంటే గుచ్చుకున్నా తెలియదు.

మోకాలు, తొడలు, చెమట

ఇప్పుడు అసలు లెక్కలు చూద్దాం. 2005లో అమెరికాలో మోకాళ్ళ అరుగుదల ఉన్న, బరువు ఎక్కువ ఉన్న పెద్దవయసు వాళ్ళ మీద ఒక పరిశీలన చేశారు. ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతోందని తేలింది. నేను తగ్గింది నాలుగు కిలోలే. అయినా అడుగడుక్కీ పదహారు కిలోల ఊరట అన్నమాట. కొంచెం తగ్గడానికి కూడా విలువ ఉంది, బోలెడు తగ్గేదాకా ఆగక్కర్లేదు.

రెండోది, లావు అంటే బలహీనత అని మనమే అనుకుంటాం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం విశాఖ బీచ్ రోడ్డులో చూసే ఉంటారు. కలియుగ భీముడని పేరు పడ్డ ఆ మనిషిది సన్నటి ఒళ్ళేం కాదు. మనం రామ్మూర్తి గారిమి కాదనుకోండి. కానీ రోజూ వంద కిలోలు మోసే కాళ్ళలో ఎంతో కొంత కండ ఉండే ఉంటుంది. దాన్ని నిద్ర లేపాలి. దానికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఎనిమిది సార్లు. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, పది సార్లు. వారానికి రెండు మూడు రోజులు చాలు. మోకాలిని కాపాడేది తొడ కండరమే.

మూడోది ఎవరూ పైకి చెప్పరు. తొడలు ఒరుసుకోవడం. నన్ను హనుమంతవాకలో కూలేసింది మోకాలి కంటే ముందు ఇదే. చీరలో నడిచినా, చుడీదార్‌లో నడిచినా లోపల మోకాలి దాకా బిగుతుగా ఉండే షార్ట్స్ వేసుకోండి. కాటన్‌ది చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది కాబట్టి త్వరగా ఆరే బట్ట మంచిది. బయలుదేరే ముందు తొడల మధ్య, చంకల్లో, రొమ్ముల కింద వాజిలిన్ రాసుకోండి. దూరం నడిచేటప్పుడు మధ్యలో ఇంకోసారి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం వాచి ఉంటాయి. పొడవు ఒక్కటే కాదు, వెడల్పు కూడా చూడండి.

నాలుగోది ఎండ. పెద్ద ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది, బయటికి పోవడం నెమ్మది. పైగా మన తీరంలో ఉక్క, చెమట ఆరదు. అందుకే ఏడున్నరకల్లా ముగించెయ్యాలి. గంట దాటే నడకైతే ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో దగ్గర ఉండాలి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి ముందు డాక్టర్‌ని అడగండి.

ఎంత నడవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. ఆ లెక్క చూసి భయపడకండి. ఒకేసారి పది నిమిషాలైనా చెయ్యాలన్న పాత నియమం ఇప్పుడు లేదు. ఐదు నిమిషాల నడక కూడా లెక్కలోకే వస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పక్కనున్న సన్నటి స్నేహితురాలి వేగం మీ వేగం కాదు.

నేను చేసింది చెబుతాను. మొదటి రెండు వారాలు రోజుకి పది నిమిషాలు. తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచాను. ఒళ్ళు నొప్పిగా ఉన్న వారం పెంచలేదు. మూడు నెలలకి ఇక్కడ గంట నడక. ఆ తర్వాత అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ మెట్లు. అక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాను. ఎక్కేటప్పుడు ఆయాసపడేది గుండె, దిగేటప్పుడు దెబ్బ తినేది మోకాలు. దిగేటప్పుడు కొంచెం పక్కకి తిరిగి, చిన్న అడుగులేసి, చేతికర్ర పట్టుకుని దిగితే భారం చేతుల మీదకి కూడా పంచుకుంటుంది. సంచిలో అక్కర్లేని బరువు పెట్టుకోకండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక్కసారి బీపీ, షుగర్ చూపించుకోండి. షుగర్‌కి ఇన్సులిన్ లాంటి మందులు వాడేవాళ్ళు జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోండి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకీ ఎడమ చేతికీ నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా, మాట తడబడినా ఆగిపోండి, 108కి ఫోన్ చెయ్యండి. కాసేపు చూద్దాంలే అనుకోకండి.

బరువు దాచకండి

మొదట్లో నా బరువు చెప్పానే, దాని సంగతి ఇప్పుడు. కొండకర్ల ఆవకి వెళ్ళాం ఒకసారి. అక్కడ తాటి మానుతో చేసిన దోనెలు రెండేసి కలిపి కట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి తీసుకెళ్తారు. దోనె అబ్బాయి "ఎంతుంటారమ్మా?" అని అడిగాడు. నేను "ఎనభై" అనేశాను. పక్కనున్న నా ఫ్రెండ్ కూడా ఓ పది తగ్గించి చెప్పింది. ఇద్దరినీ ఒక వైపే కూర్చోబెట్టాడు. నీటి మధ్యలో దోనె ఒక పక్కకి ఒరిగింది. ఏమీ కాలేదు, అతను గట్టివాడు, సర్దేశాడు. కానీ తప్పు ఎవరిది? సిగ్గుపడి ఆవేళ నేను దాచిన ఇరవై చిల్లర కిలోలు ముగ్గురి ప్రాణం మీదకి తెచ్చాయి.

అప్పట్నించీ ఒకటే నియమం. బోటు, జిప్‌లైన్, పారాసెయిలింగ్, తాడుతో ఎక్కే కొండ, ఏదైనా సరే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ సామాను ఎన్ని కిలోల వరకు మోస్తుంది? నా కొలతకి బెల్టు సరిపోతుందా? అడిగి, నా బరువు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సరిపోదంటే దిగిపోతాను. అది అవమానం కాదు, కొలత. లైఫ్ జాకెట్ విషయంలో ఇంకోటి తెలుసుకోండి. కొవ్వు నీటిలో తేలుతుంది, కాబట్టి జాకెట్‌లో బరువు కంటే ఛాతీ చుట్టుకొలత ముఖ్యం. బకిల్స్ అన్నీ పడాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. బకిల్ పడని జాకెట్ వేసుకున్నా వేసుకోనట్టే.

ఒళ్ళు తేలుతుంది కదా అని ఈ సముద్రంలోకి మాత్రం దిగకండి. 2022 జులైలో అనకాపల్లి నుంచి సరదాగా వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు కొందరు ఇదే పూడిమడకలో అలల్లో కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలలు విరగకుండా నున్నగా, శాంతంగా కనపడే చోటే నీరు లోపలికి లాగేస్తూ ఉండొచ్చు. ఆ లాగుడుకి సన్నా లావూ తేడా లేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద బరువు దాదాపు సగమైపోతుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నీటిలో నడక నిజంగా మంచిది. కానీ అది స్విమ్మింగ్ పూల్‌లో, కోచ్ ఉన్నప్పుడు. ఇక్కడ చీలమండ తడిస్తే చాలు.

మళ్ళీ తొలిపావంచా

నిరుడు ఆషాఢంలో మళ్ళీ వెళ్ళాను. దానికి ముందు ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు కిలోమీటర్లు విడివిడిగా నడిచి చూసుకున్నాను. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చున్నాను. వాజిలిన్ రెండుసార్లు, సాక్సులు ఒకసారి మార్చాను. హనుమంతవాక దగ్గర ఆ ఫుట్‌పాత్ కనపడింది. ఆగలేదు. తిరిగి తొలిపావంచాకి చేరేసరికి పదకొండు గంటలు పట్టింది. చాలామంది నన్ను దాటుకుని వెళ్ళిపోయారు, వెళ్ళనివ్వండి.

ఇంటికొచ్చాక అత్తయ్య అడిగింది, "ఎంత తగ్గావే?" అని. మొత్తానికి నాలుగు కిలోలు అన్నాను. "అంతేనా!" అంది. కాసేపాగి, "నాకు మోకాళ్ళ నొప్పి కదా, ఆ కుర్చీలోంచి లేవడం ఎలాగో చూపించు" అంది. ఇప్పుడు రోజూ టీవీ ముందు ఎనిమిది సార్లు లేస్తోంది.

మీరు కూడా రేపు పొద్దున్న పది నిమిషాలు మొదలుపెట్టండి. ఇంటి ముందు రోడ్డైనా సరే, ఈ తడి ఇసుకైనా సరే. వచ్చే ఎపిసోడ్‌లో చేతికర్రలు, బూట్లు కొనేటప్పుడు ఏం చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.