చలిరోజుల్లో కోడిపిల్లలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమ సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న మెట్టభూమి. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున మంచు కురుస్తుంటే పెద్దవాళ్లే కంబళి వదలరు. మరి నిన్నగాక మొన్న గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్ల మాటేమిటి?

దాని ఒంటిమీద ఉండేది నూగే గాని ఈకలు కావు. ఒంటివేడిని తనంతట తాను నిలుపుకోలేదు. మొదటివారం దానికి సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గినా ఫరవాలేదు. పెరట్లో ఆ వెచ్చదనం తల్లి రెక్కలకిందే ఉంది. అందుచేత చలిరోజుల్లో 15 గుడ్లు పొదగవేయాలన్న ఆశ మాని, 10తో సరిపెట్టుకోవడం మేలు. రెక్కకింద చోటు దొరకని పిల్ల తెల్లారేసరికి కొయ్యబారిపోతుంది. తల్లి 21 రోజులు పొదిగిన శ్రమ వృథా.

రాత్రి గంపకింద పొడి వేరుసెనగ పొట్టు మందంగా పరచండి. గంపమీద గోనెపట్టా కప్పండి. గాలి ఆడేందుకు పైన కాస్త సందు వదలండి. పిల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి చాలలేదన్నమాట కాదు, వెచ్చదనం చాలలేదన్నమాట!

పొద్దున తొందరపడకండి. నేలమీద మంచు ఆరి, ఎండ బాగా వచ్చాకే తల్లితో బయటికి విడవండి. తడిసిన పిల్లను వెంటనే తుడిచి వెచ్చగా ఉంచండి. తిండికి సన్నని నూకలు. నీళ్లు లోతులేని మూకుడులో.

నాలుగైదు వారాలు ఓపిక పడితే ఈకలు వస్తాయి. ఇల్లాలి పండుగ చీర, పిల్లవాడి పలకాబలపం ఆ గంపకిందే ఉన్నాయి మరి!